‘సీగ్‌ఫ్రీడ్’ నామానికి టీకా తాత్పర్యం

ప్రతిపదార్థం: సీగ్ = జయము; ఫ్రీడ్ = శాంతి. జర్మన్ పురుషనామం. మాటకు మాట పెడితే తెలుగులో ‘విజయశాంతి’ అవుతుంది. లింగం మారక తప్పదు.

వ్యుత్పత్తి: ‘సీగ్’ బలమనే అర్థమున్న సంస్కృత ‘సహస్’ శబ్దానికి దాయాది. ‘ఫ్రీడ్’ పుట్టిన ధాతువే ‘ప్రియ’ శబ్దానికీ మూలం. జర్మానిక్ భాషల్లో పకారం ఫకారమైన తీరుకు 1822లో సూత్రం కట్టినవాడు, జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులలో పెద్దవాడైన యాకోబ్.

సమాసం: చిక్కంతా ఇక్కడే. జయమును శాంతియు అని ద్వంద్వమా, జయము వలన శాంతి అని తత్పురుషమా? పేర్లు పెట్టినవాళ్లకు ఈ విచారమే లేదు. పేరుకు రెండు ముక్కలుండాలి, ఒకటి ఇంటివాళ్లదైతే మంచిది. సుమారు 1200 నాటి ‘నీబెలుంగెన్‌లీడ్’ కావ్యంలో తండ్రి సీగ్‌మూండ్, తల్లి సీగ్‌లిండ్, కొడుకు సీగ్‌ఫ్రీడ్. యతి కుదిరింది, చాలు. ‘హిల్డెగుండ్’ అనే స్త్రీనామంలోనైతే రెండు ముక్కలకూ యుద్ధమనే అర్థం. పునరుక్తి అని ఎవరూ వంక పెట్టలేదు.

పాఠాంతరం: ఐస్‌లాండ్ గాథల్లో ఈ వీరుడే సిగుర్ద్. పూర్వపదం అదే, ఉత్తరపదానికి మాత్రం ‘కావలివాడు’ అని అర్థం. నిధిని కాచుకుని పడుకున్న ఫాఫ్నిర్ అనే మహాసర్పాన్ని చంపి, దాని గుండెను నిప్పుల మీద కాలుస్తాడు. ఉడికిందో లేదో చూడబోతే వేలు చురుక్కుమంటుంది, నోట్లో పెట్టుకుంటాడు. నెత్తురు నాలుకకు తగలగానే పిట్టల మాటలు అర్థమవుతాయి.

జర్మన్ పాఠంలో నెత్తురు రుచి చూడడు, అందులో స్నానమే చేస్తాడు. ఒళ్లంతా కొమ్ములా గట్టిపడుతుంది. రెండు భుజాల నడుమ లిండెన్ ఆకు ఒకటి రాలి అంటుకోవడంతో ఆ మేర మాత్రం మెత్తగా మిగులుతుంది. దుర్యోధనుడి తొడ సంగతి ఎరిగిన పాఠకుడికి ముగింపు చెప్పనక్కర్లేదు. అయితే ఆ చోటు తెలిసేలా అంగీ మీద పట్టుదారంతో సిలువ గుర్తు కుట్టింది భార్య క్రీమ్‌హిల్డే. యుద్ధంలో భర్తను కాపాడతాడని తన సోదరుల కొలువులోని హాగెన్‌ను నమ్మింది. ఊటనీళ్లు తాగడానికి వంగినవాడి వీపున, సరిగ్గా ఆ కుట్టు మీదే, హాగెన్ ఈటె దించాడు.

తాత్పర్యం: జయశాంతులు రెండూ గలవాడు అని. కావ్యం దీన్ని సమర్థించదు.

విశేషం: 1876లో బైరాయిట్‌లో ప్రదర్శించిన ‘సీగ్‌ఫ్రీడ్’ సంగీతనాటకానికి వాగ్నర్ కథను చాలావరకు ఐస్‌లాండ్ నుంచీ, పేరును జర్మనీ నుంచీ తెచ్చుకున్నాడు; 1869లో పుట్టిన కొడుక్కీ అదే పేరు. ఇళ్లలో ముద్దుగా పిలిచే పొట్టిపేరు జర్మన్ల నోట ‘జిగి’ అని వినిపిస్తుంది. తెలుగు ‘జిగి’కి కాంతి అని అర్థం. చుట్టరికమేమీ లేదు, కానీ వ్యాఖ్యాతకు వదలబుద్ధి కాదు.