ఆరు గేర్లకు అప్పు, ఒక్క గేరుకు రోడ్డు

మా బావమరిది ఎక్సెల్ షీటు తెచ్చాడు. నలభై మూడేళ్లవాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం. జుట్టు వెనక్కి, పొట్ట ముందుకి ప్రయాణం కట్టిన వయసు. షీటులో ఎడమవైపు ‘కొంటే లాభాలు’ అని పద్నాలుగు గడులు నింపాడు. కుడివైపు ‘నష్టాలు’ అని ఒకటే గడి. అందులో వాళ్లావిడ పేరుంది.

“బావా, నువ్వు న్యూట్రల్‌గా చెప్పు. పెర్ఫార్మెన్స్ క్రూజర్ తీసుకోనా, వద్దా?” అన్నాడు.

న్యూట్రల్ ఆ బండికీ ఉంటుంది. ఈ ఊళ్లో దానికి ఎక్కువగా అక్కరకొచ్చేది కూడా అదేనని తర్వాత తేలింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్రూజర్ అంటే కాళ్లు ముందుకు చాపి, చేతులు బారలా పెట్టి, పడక్కుర్చీలో వాలినట్టు కూర్చుని నడిపే బండి. తొందర లేనివాడి వాహనం. 1985లో యమహా వాళ్లు వీమ్యాక్స్ తెచ్చి ఆ జాతికి తొందర నేర్పారు. 2001లో హార్లే డేవిడ్సన్ వాళ్లు పోర్షే సాయంతో ఇంజన్ చేసుకుని వీ-రాడ్ దింపారు. ఇప్పుడు డుకాటీ డయావెల్ వీ4 ఉంది, 168 గుర్రాల బలం. ట్రయంఫ్ రాకెట్ 3 ఉంది, 2458 సీసీ. పెద్ద ఎత్తున తయారయ్యే మోటారు సైకిళ్లలో ఇంతకు మించిన ఇంజన్ ప్రపంచంలోనే లేదు. రెండు మారుతి స్విఫ్టుల ఇంజన్లు కలిపి లెక్కేసినా ఇంకా 64 సీసీ తక్కువే. పడక్కుర్చీకి తారాజువ్వ కట్టారన్నమాట. అందులో కూర్చున్నవాడు కునుకు తీయాలో వీలునామా రాయాలో ఎవరూ చెప్పరు.

ఈ కోవలో మావాడు మనసు పడ్డ బండి ఏదో నేను చెప్పను. కంపెనీల మీద నాకు కోపం లేదు. వాళ్లు ఆ బళ్లను రోడ్లున్న దేశాల కోసం చేశారు.

లాభాల గడిలో మొదటిది ‘స్వేచ్ఛ’. ఎన్ని నెలల స్వేచ్ఛరా అంటే అరవై అన్నాడు. నెలకో వాయిదా చొప్పున బ్యాంకు రాసిచ్చే స్వేచ్ఛ అది. రెండోది ‘వేగం’. సున్నా నుంచి వందకు మూడు సెకన్లు అటూ ఇటూ. బాగుంది. కానీ కేంద్రం 2018లో ప్రకటించిన లెక్క ప్రకారం నాలుగు వరసల హైవే మీద మోటారు సైకిల్‌కు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఆ 80 ఈ బండికి మొదటి గేరులోనే అయిపోతుంది. మిగతా అయిదు గేర్లు చట్టం చూడని చోట వాడుకోవాలి. వాయిదా మాత్రం ఆరింటికీ కట్టాలి.

“ఓఆర్ఆర్ ఉందిగా!” అన్నాడు.

అక్కడే నాకు నవ్వాగలేదు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు. అద్దంలాంటి తారు. కార్లకు 120 దాకా అనుమతి. ఈ బండి కోసమే వేశారా అనిపించే రోడ్డు. దాని మీదకు ద్విచక్ర వాహనం ఎక్కకూడదు. ముక్కుతూ మూలుగుతూ వచ్చే 796 సీసీ పాత మారుతి 800 దర్జాగా ఎక్కుతుంది. దానికి మూడింతల ఇంజనున్న మహారాజు మాత్రం, గేటు బయట ఆటోల సరసన, పాదచారుల సరసన నిలబడాలి. లేదా కింద సర్వీసు రోడ్డులో గేదెల వెనక పోవాలి. విమానాశ్రయం వైపు 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉందిలే అనుకుంటారేమో, అక్కడా బైకులకు ప్రవేశం లేదు. మెహదీపట్నంలో పైన కార్లు ఎగురుతుంటే కింద స్తంభాల నీడలో మనవాడు క్లచ్ నొక్కుకుంటూ ఉండాలి. కాళ్ల మధ్య కుంపటి, పైన మే నెల.

సరే, రోడ్డు ఇవ్వని సర్కారు పన్నయినా వదిలిందా? 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బైకుల మీద జీఎస్టీ 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. 350 లోపు వాటికి అదే రోజు 28 నుంచి 18కి దించారు. ఒక్క సీసీ గీత దాటితే 22 శాతం తేడా. ఆ ఏడాదే ఫిబ్రవరి బడ్జెట్‌లో, 1600 సీసీ దాటిన దిగుమతి బైకుల మీద కస్టమ్స్ సుంకాన్ని 50 నుంచి 30కి తగ్గించారు. ఈ చేత్తో కొసరి ఆ చేత్తో వసూలు. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ మన దేశంలో హార్లే బళ్ల సుంకం గురించి ఎన్నిసార్లు వాపోయాడో పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. మా బావమరిది వాయిదాల గురించి వైట్‌హౌస్‌కు అంత దిగులుంది. ఆ హార్లే వాళ్లే 2020లో హర్యానాలోని బావల్ ఫ్యాక్టరీకి తాళం వేసి, ఆనక హీరో వాళ్లతో చేయి కలిపి 440 సీసీ బండి చేశారు. మన రోడ్లు, మన జేబులు వాళ్లకు అర్థమయ్యాయి. మావాడికే కాలేదు.

నిజంగా ఒళ్లు మండేది లైసెన్సు దగ్గర. బ్రిటన్‌లో, యూరప్‌లో మెట్లున్నాయి: చిన్న బండికి ఒక లైసెన్సు, 35 కిలోవాట్ల దాకా ఇంకొకటి, పెద్దదానికి వేరొకటి. మనకు ఆ బాదరబందీ లేదు. ఇరవై ఏళ్ల కిందట ఎవరి స్ప్లెండరో అడిగి తెచ్చుకుని, ఆర్టీఏ మైదానంలో ఎనిమిది వేసి, మధ్యలో కాలు కింద పెట్టినా గట్టెక్కిన లైసెన్సుతోనే మావాడు 2458 సీసీ కూడా నడపొచ్చు. 97.2 సీసీకి, దానికి మధ్య చట్టం దృష్టిలో తేడా లేదు. పన్ను దృష్టిలో మాత్రం బ్రహ్మాండమైన తేడా ఉంది.

స్పీడ్ బ్రేకర్ల సంగతి ఎక్కువ చెప్పను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో అది 3.7 మీటర్ల మేర పరుచుకుని 10 సెంటీమీటర్లు లేవాలి. మా కాలనీ కమిటీ లెక్కలో అది పిట్టగోడ.

నాకు చెల్లెలి వరసయ్యే వాళ్లావిడ, అంటే ‘నష్టం’, కాఫీ ఇస్తూ ఒకే మాటంది: “అన్నయ్యగారూ, గీజర్ కొనమంటే మూడు నెలలు రివ్యూలు చదివారు. దీన్ని మూడు నిమిషాల్లో బుక్ చేస్తానంటున్నారు.”

అబద్ధం చెప్పను, ఆ బండిలో గొప్పతనం ఉంది. టెస్ట్ రైడుకు నన్ను వెనక కూర్చోబెట్టాడు. వెనక సీటు అప్పడమంత. పచ్చ లైటు పడి ఎక్సలేటర్ కొంచెం తిప్పాడో లేదో, నా ప్రాణం జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గరే దిగిపోయి నడిచొచ్చింది. ఆ లాగుడు, ఆ బరువైన గుర్రు, ఎత్తు తక్కువ సీటు వల్ల రెండు కాళ్లూ నేలకానే ధీమా... అన్నీ నిజం. తెల్లవారుజామున అనంతగిరి కొండల వైపు ఒంటరిగా పోతే ఆ అరగంట మనిషి కాస్త దేవుడే. తర్వాత టిఫిన్ సెంటర్ ముందు ఆపగానే పదిమంది చుట్టూ మూగి ఒకటే ప్రశ్న అడుగుతారు: “మైలేజీ ఎంతిస్తది సార్?” దేవుడు అక్కడ మళ్లీ మనిషవుతాడు.

కొన్నాడు. కొంటాడని నాకూ తెలుసు, వాళ్లావిడకూ తెలుసు, ఎక్సెల్‌కూ తెలుసు. ఖైరతాబాద్ ఆర్టీఏలో ఫ్యాన్సీ నంబరుకు వేలం పాడాడు. అంతా అయ్యాక హెల్మెట్ దగ్గర వెయ్యి రూపాయలకు అరగంట బేరమాడాడు. ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ అంటే ఏమిటో కళ్లారా చూశాను.

పన్ను వేసే పెద్దలకు నాదొక మనవి. 40 శాతం పుచ్చుకుంటున్నారు గనక ఇది విలాస వాహనమని మీరే ఒప్పుకున్నట్టు. అలాంటప్పుడు దానికి తగ్గ పరీక్ష పెట్టండి, నెగ్గినవాణ్ని రింగు రోడ్డెక్కనివ్వండి. కాదు, ప్రాణాలకు ముప్పు, ఇది ఉత్త ద్విచక్ర వాహనమేనంటారా? అప్పుడు స్ప్లెండర్ పన్నే దీనికీ వేయండి. వసూలుకు కారు, గేటు దగ్గర సైకిలు అంటే ఎలా?

అందాకా మావాడి బండి సెల్లార్‌లో కవరు కప్పుకుని ఉంటుంది. మూడు క్వింటాళ్ల పైచిలుకు బరువు, రివర్స్ గేరు లేదు, మా ర్యాంపు నిట్టనిలువు. చూడాలనుంటే ఆదివారం పొద్దున ఆరింటికి రండి. వెనక్కి లాగడానికి నేనూ, వాచ్‌మనూ ఉంటాం. ఇంకో మనిషి కావాలి.