వేట పాఠం చదివే పిల్లల తండ్రులకు నా ఉచిత సలహాలు

మీ అమ్మాయి టెక్సస్ హైస్కూల్లో చేరి, కోడింగూ డిబేటూ వదిలేసి, ఎలెక్టివ్‌లలో ఔట్‌డోర్ క్లాసు పుచ్చుకుందా? గాలం వేయడం, పడవ నడపడం, గుడారం కట్టడం, విల్లు పట్టడం, ఆఖర్న హంటర్ ఎడ్యుకేషన్. మా ఇంట్లో జరిగింది ఇదే. ఈ విషయంలో నా అనుభవం వినాలని ఎంతోమంది తెలుగు తండ్రులు ఎదురుచూస్తున్నారు. ఇంకా ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

ముందు దాన్ని ఆపించే మార్గం వెతకండి. 2022లో వచ్చిన తుపాకుల భద్రత చట్టంలో, ఫలానా కేంద్ర నిధులతో బడుల్లో ఆయుధాల శిక్షణ ఇవ్వకూడదని ఒక వాక్యం పడింది. విద్యాశాఖ అది విలువిద్యకూ వేట పాఠాలకూ వర్తిస్తుందంది. నేను మా ఆవిడ చేత పాయసం చేయించాను. పాయసం అరిగేలోపే కాంగ్రెస్ ఆ వాక్యానికి మినహాయింపు తెచ్చింది. ప్రతినిధుల సభలో 424 మంది అటు, ఒక్కరు ఇటు. 2023 అక్టోబరు 6న అధ్యక్షుడి సంతకం కూడా అయిపోయింది. కనుక ఆ ఒక్కరితో స్నేహం చేసుకోండి. మిగతా 424 మందికి నచ్చజెప్పడం మన వల్ల కాదు.

ఆపలేకపోతే సంప్రదాయం అడ్డుపెట్టండి. మనది 1972 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశమనీ, జింక వైపు కన్నెత్తి చూడమనీ చెప్పండి. నాది ఒంగోలు, మా ఆవిడది వరంగల్లు. ఆంధ్రప్రదేశ్ జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల జింక. ఇంట్లో మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే. "ఇక్కడ కాల్చేది తెల్లతోక జింకని నాన్నా, దానికి లెక్కా సీజనూ లైసెన్సూ ఉన్నాయి," అని మా అమ్మాయి తేల్చేసింది.

అమ్మాయికి తోడుగా మీరూ వేటకు వెళ్లాల్సి వస్తే, ఇక మీ సర్టిఫికెట్ సంగతి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటాడాలంటే ఈ కోర్సు పాసవ్వాలి. అంతకు ముందు పుట్టినవాళ్లకు అక్కర్లేదు. మనకిది పెద్ద అడ్డంకే కాదు. నా పుట్టినరోజు మా హెడ్మాస్టరుగారు బడిలో చేర్చుకున్న పూట వేళ్లు లెక్కపెట్టి వేసిందే. జూన్‌లో పుట్టనివాడు మా క్లాసులో లేడు. ఆయనే ఇంకో మూడేళ్లు వెనక్కి జరిపి ఉంటే నాకీ పరీక్ష తప్పేది. ఆ మాటే కోర్సు చెప్పే పెద్దాయనకు విన్నవించాను. ఆయన నవ్వి, దరఖాస్తు ఫారం నా చేతికిచ్చాడు.

పుస్తకం తెరవగానే విసుగొస్తుంది. తుపాకీ పాఠంలో మొదటి సూత్రం, ఏ తుపాకీనైనా గుండు ఉన్నదనే అనుకోమంటుంది. గొట్టం సురక్షితమైన వైపే ఉండాలట. కాల్చే క్షణం దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదట. గురి ఏమిటో, దాని వెనకాల ఏముందో తెలియకుండా కాల్చకూడదట. ఎలా కాల్చాలో చెబుతారనుకుని కూర్చుంటే ఎప్పుడు కాల్చకూడదో చెబుతూనే ఉన్నారు. చేత్తో చేయించినప్పుడు కూడా కంచె దాటడమే. గుండు తీయి, తుపాకీ కింద పెట్టు, అవతలికి జరుపు, తర్వాత నువ్వు దాటు. ఈ మాత్రానికి ఇన్ని గంటలా?

అప్పుడు నేను లేచి మన ఘనత చెప్పాను. మీరూ చెప్పండి. మా దశరథ మహారాజు శబ్దభేది, కళ్లతో చూడాల్సిన పనే లేదు. సరయూ ఒడ్డున చీకట్లో బుడబుడమని చప్పుడైతే ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని ఒక్క బాణంతో కొట్టాడు. పాండురాజు గురి తప్పనివాడు. జింకల జంట మీద బాణాలు వేశాడు, ఒక్కటీ వృథా పోలేదు. జర అనే బోయవాడైతే పొదల మాటు నుంచి కనిపించిన అరికాలిని జింక అనుకుని కొట్టేశాడు. ఇలాంటి పరంపర మాది.

క్లాసులో నిశ్శబ్దం. మా అమ్మాయి మెల్లగా అంది. "నాన్నా, ఆ చప్పుడు కుండలో నీళ్లు ముంచుతున్న కుర్రాడిది. పాండురాజు కొట్టిన జింక కిందముడు అనే ఋషి. ఆ అరికాలు కృష్ణుడిది. మూడూ హంటింగ్ ఇన్సిడెంట్ రిపోర్టులే." పెద్దాయన నోట్సులో రాసుకున్నాడు. ఇక్కడ యాక్సిడెంట్ అనరట, ఇన్సిడెంట్ అంటారట. నాకు అది మాటల గారడీలా తోచింది.

తూటాల విషయంలో సర్దుకుపోవడం మన గుణం, దాన్ని వదులుకోవద్దు. 12 గేజి కన్నా 20 గేజి చిన్నది. పౌను సీసంతో గొట్టం సరిపడా గుండ్లు ఎన్ని వస్తాయో అదే గేజి అట. అంకె పెరిగితే గుండు చిన్నదవుతుందంటే నా ఇంజనీరింగ్ డిగ్రీ కూడా ఒప్పుకోలేదు. 20 గేజి తూటా పసుపు రంగులో ఉంటుంది. పసుపు శుభమే కదా, అది 12 గేజి తుపాకీలో హాయిగా దూరిపోతుంది కూడా, జనరల్ బోగీలో నాలుగో మనిషిలా. తర్వాత అది మధ్యలో ఇరుక్కుంటుందనీ, దాని వెనక 12 గేజిది పేలిస్తే గొట్టమే పగులుతుందనీ, ఆ రంగు అందుకే పెట్టారనీ పుస్తకం అంటుంది. పరీక్షలో నేను "శుభం" అని రాశాను.

చెట్టెక్కి మాటు వేసేటప్పుడు ఒంటినిండా హార్నెస్ కట్టుకోమంటారు. మా ఊళ్లో గీతకార్మికులు తాటిచెట్టు సునాయాసంగా ఎక్కుతారు, వాళ్లకేం హార్నెస్‌లు లేవు అని వాదించాను. మా ఆవిడ వంటింట్లోంచే, "నడుముకు మోకు లేకుండా ఎక్కినవాణ్ని ఎప్పుడైనా చూశారా?" అంది. చూడలేదు.

ఒంటి మీద నారింజ రంగు విషయంలో మాత్రం గట్టిగా నిలబడండి. ప్రభుత్వ వేటభూముల్లో 400 చదరపు అంగుళాలు ఉండాలంటారు, తలమీద టోపీ కూడా అదే. జింకకు ఆ రంగు మనకు మండినట్టు మండదట, మనుషులకు మాత్రం మైలు దూరం నుంచీ కనిపిస్తుంది. సన్యాసం తీసుకున్నాడేమో అని బంధువులు అడిగితే ఎలా?

చివరిగా, పొలిమేర చెట్లకు ఊదారంగు నిలువు చారలు కనిపిస్తే దండం పెట్టుకుని లోపలికి వెళ్లండి. మన వేపచెట్టుకు పసుపు, బొట్టు పెట్టడం లాంటిదే అనుకుని నేను కొబ్బరికాయ కూడా తీసుకెళ్లాను. టెక్సస్ చట్టంలో ఆ చార అర్థం లోనికి రాకూడదు అని. కనీసం ఎనిమిది అంగుళాల పొడుగు, అంగుళం వెడల్పు, అడుగంచు నేల నుంచి మూడడుగులకూ అయిదడుగులకూ మధ్య. ఇన్ని కొలతలతో దేవుడు వెలుస్తాడా అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

టెక్సస్ ఉత్తర మండలంలో తెల్లతోక జింకల సాధారణ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. మా అమ్మాయి మొదటిసారే పాసైంది, కార్డు పర్సులో పెట్టుకుంది. నేను మళ్లీ రాయాలి. ఆ పొద్దున మీరెవరైనా అటు వస్తే ఊదా చారకు ఇవతల, కారులో, పులిహోర డబ్బాతో నేనుంటాను.