చప్పుడు కోసం

నాన్న బుల్లెట్ ఇంజిన్‌ను చేజేతులా పాడుచేసింది నేనే. ఈ మాట పైకి అనడానికి నాకు ఏడాది పట్టింది.

అది పాత 350. పోత ఇనుప బారెల్, బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90. నాలుగు నెలల ఆదివారాలన్నీ దానికే పెట్టి, మొత్తం విప్పి, విజయవాడ ఆటోనగర్‌లో బోరు చేయించి, కొత్త పిస్టన్, కొత్త బిగ్ ఎండ్ బుష్ వేయించి మళ్లీ కట్టాను. చాసిస్ ఇంకా పెయింటింగ్ షాపులోనే ఉంది. అది వచ్చేదాకా ఆగలేకపోయాను. బండికి ఎక్కించకముందే ఇంజిన్ స్టార్ట్ చేసి చూసుకోవడం మంచిదే. ఆయిల్ ఎక్కడన్నా కారినా, చప్పుడు తేడాగా ఉన్నా అక్కడే తెలిసిపోతుంది, ఎక్కించి మళ్లీ దింపే శ్రమ తప్పుతుంది. నా ఆరాటం మాత్రం ఆ చప్పుడు ఒక్కసారి వినాలనే.

ఇనుప స్టాండు చేయించి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి దానికి బిగించాను. కిటికీ చువ్వకు సెలైన్ సీసా వేలాడదీసి కార్బురేటర్‌కు పెట్రోలు అందించాను. బ్యాటరీ, కాయిల్ స్టూలు మీద పెట్టాను. వరండాలో కుర్చీ వేసి నాన్నను కూర్చోబెట్టాను.

"ఆయిల్ చూశావురా?" అన్నారు.

"పోశాను నాన్నా" అన్నాను.

పోయడం వేరు, చేరడం వేరు. ఈ ఇంజిన్‌లో ఆయిల్ క్రాంక్ కింద నిలవుండదు, వెనక అరలో ఉంటుంది. ఒక పంపు దాన్ని తోడి బిగ్ ఎండ్‌కు పంపాలి, ఇంకో పంపు తిరిగి లాగాలి. విప్పి కట్టినప్పుడు ఆ దారులన్నీ పొడిగా ఉంటాయి. స్పార్క్ ప్లగ్ తీసేసి, టైమింగ్ కవర్ మీది ఫీడ్ ప్లగ్ వదులు చేసి, అక్కడ ఆయిల్ ఊరేదాకా కిక్ కొడుతూనే ఉండాలి. పావుగంట పని. నాకు తెలుసు. తెలిసీ చేయలేదు.

మూడో కిక్‌కే అందుకుంది. నాన్న ముఖం వెలిగింది. అది చూసి థ్రాటిల్ ఇంకా పెంచాను. స్టాండు మీది ఇంజిన్‌కు ఎదురుగాలి తగలదు. కనీసం టేబుల్ ఫ్యానైనా పెట్టలేదు. నాలుగు నిమిషాలకు చప్పుడు బిగుసుకుపోయి ఆగింది. మళ్లీ తొక్కితే కిక్ దిగలేదు.

విప్పి చూస్తే పిస్టన్ పక్కలు గీసుకుపోయాయి, బుష్ పాడైంది, క్రాంక్ పిన్ నీలం తిరిగింది.

నాన్న ఒక్క మాట అనలేదు. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో ఆయన రోజూ డిప్‌స్టిక్ తీసి, పాతగుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూశాకే కిక్ మీద కాలు వేసేవారు. అన్నేళ్లు ఆ పక్కనే నిలబడి కూడా, ఆ గుడ్డ, ఆ చూపు నా కంటికి ఆనలేదు. తర్వాత వచ్చే చప్పుడు కోసమే చెవులు రిక్కించేవాణ్ణి.

రెండోసారి కట్టాక స్పార్క్ ప్లగ్ తీసి నలభై కిక్‌లు కొట్టాను. ఫీడ్ ప్లగ్ దగ్గర ఆయిల్ ఊరింది. దాన్ని వేలికి అద్దుకుని వెళ్లి నాన్నకు చూపించాను. ఆయన తన వేళ్ల మధ్య రుద్ది చూసుకుని, "ఇప్పుడు కొట్టు" అన్నారు.