రేగడి నేలపై నూరు సీసీ

గుంటూరు, ప్రకాశం మెట్ట పల్లెల్లో 100 సీసీ చౌక మోటారు సైకిల్‌ను, అది ఇద్దరు మనుషుల కోసం తయారైనదని రిజిస్ట్రేషన్ పత్రం ఎంత చెబుతున్నా, రెండు మిరప టిక్కీలు, అంటే నిండుగా తొక్కిన బస్తాలు, ఒక పురుగుమందు డబ్బా, వాటిపైన ఒక బావమరిదిని మోయవలసిన వాహనంగానే పరిగణిస్తారు. వానాకాలంలో టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ రేగడి మట్టి మేటవేసి చక్రం బిగుసుకుపోతే, యజమాని గట్టు మీది సర్కారు తుమ్మపుల్ల విరిచి దానిని గీకుతాడు. కంపెనీ ఇచ్చిన పనిముట్ల సంచిలో ఇంతకంటే పనికొచ్చేది లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6, అనగా పొగలోని విషాన్ని తగ్గించే ప్రమాణం, అమలులోకి రావడంతో చాలా బండ్లలో కార్బురేటర్ స్థానాన్ని ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఆక్రమించగా, అంతవరకు జెట్టును నోటితో ఊది బండికి ప్రాణం పోసిన ఊరి మెకానిక్ ఇప్పుడు ‘సెన్సార్ పోయింది’ అని పెద్దాసుపత్రి వైద్యుడి గాంభీర్యంతో ప్రకటించి పట్నానికి పంపుతున్నాడు. అక్కడ ఉచిత సర్వీసు లభిస్తుంది. ఉచితమైనది కూలి మాత్రమేననీ, ఆయిలూ విడిభాగాలూ కావనీ బిల్లు చేతికొచ్చాక తెలుస్తుంది. నెలవారీ వాయిదా మాత్రం, పుష్యమాసపు పొద్దున కూడా, ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది.