పెద్దలు చెబుతారు

మా ఆయి ఇల్లు కదలకుండా మూడు రాష్ట్రాలు చూసింది. మా ఇంట్లో అమ్మను ఆయి అనే పిలుస్తాం.

ఆమె జుక్కల్ దగ్గరి మా ఊరికి కోడలిగా వచ్చింది 1953లో. పుట్టిల్లు దెగ్లూర్ పక్కన పల్లె. ఎడ్లబండిలో పొద్దున బయల్దేరితే పొద్దుగూకేలోపు చేరే దూరం. అప్పటికి రెండూళ్లూ హైదరాబాద్ రాష్ట్రంలో, నాందేడ్ జిల్లాలో, దెగ్లూర్ తాలూకాలోనే ఉండేవి. మూడేళ్లకు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం వచ్చింది. దాని మూడో సెక్షన్‌లో జిల్లాలకు జిల్లాలు చేతులు మారిన పొడుగాటి జాబితా నడుమ ‘దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు’ అని ఓ చిన్న ముక్క పడింది. 1956 నవంబరు 1న తెల్లారేసరికి ఆయి అత్తిల్లు ఆంధ్రప్రదేశ్, పుట్టిల్లు బొంబాయి రాష్ట్రం. 1960లో పుట్టిల్లు మహారాష్ట్ర అయింది. 2014లో అత్తిల్లు తెలంగాణ అయింది. నాందేడ్ పోయి నిజామాబాద్, 2016 దసరా నాడు నిజామాబాద్ పోయి కామారెడ్డి జిల్లా వచ్చాయి. ఆయి మాత్రం అదే అరుగు మీద కూర్చుని జొన్నలు చెరుగుతూనే ఉంది.

దేవుడికి మరాఠీలో మొక్కుతుంది. కూలోళ్లతో తెలుగులో కొట్లాడుతుంది. ఔరాద్ వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చేవాళ్లు వస్తే కన్నడంలో బేరమాడుతుంది. ఒకసారి జనాభా లెక్కలకొచ్చిన పంతులు “అమ్మా, మీదే భాష?” అంటే, “నోటిది” అంది. ఆ కాగితంలో నోటికి గడి లేదు. ఆయన ఏం రాసుకుపోయాడో ఏమో.

ఆయికి లేని బాధ నాకొచ్చింది. కామారెడ్డిలో బడి ఉద్యోగం. స్టాఫ్‌రూంలో నా పేరు ‘ఆరె సారు’. మన దిక్కు మరాఠీవాళ్లకు తెలుగువాళ్లు పెట్టిన పేరు ఆరె. తిట్టేం కాదు, అలాగని ముద్దూ కాదు. సరే, నేను ఆరెవాణ్ణే అనుకుని 2008లో దెగ్లూర్‌లో మేనమామ మనవడి పెళ్లికి పోయాను. బంతిలో కూర్చోగానే వడ్డించేవాడు వెనక్కి తిరిగి “తెలంగీ పావుణే” అని కేకేశాడు. తెలుగు చుట్టాలట! పూరీ నోట్లో పెట్టుకుని ఆలోచించాను, మంజీర ఇవతల ఆరెవాణ్ణి, అవతల తెలంగిని. నడి ఏట్లో నిలబడితే తప్ప నాకు పేరు లేదు.

తిరుగు ప్రయాణంలో బాన్సువాడలో బస్సు తప్పిపోయింది. తరువాతి బస్సుకు రెండు గంటలు. బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ సెంటరు, గంటకు 20 రూపాయలు. అప్పుడప్పుడే తెలుగు వికీపీడియాలో, అందరూ కలిసి రాసుకునే ఆ విజ్ఞాన సర్వస్వంలో, ఊరూరికీ పేజీలు మొలుస్తున్నాయి. ఎంత చిన్న వ్యాసమంటే దాన్ని వాళ్లు ‘మొలక’ అనే అంటారు. మా ఊరి మొలక కూడా ఉంది. ఊరి పేరు, మండలం పేరు, జనాభా. కడుపులో పూరీలూ అవమానమూ కలిసి మండుతున్నాయి. పేరు నమోదు చేసుకోకుండానే ఒక వాక్యం కొట్టాను:

‘1677లో గోల్కొంద పోతూ ఛత్రపతి శివాజీ ఈ ఊరి బావి దగ్గర ఆగి తన తెల్ల గుర్రానికి నీళ్లు తాపించాడనీ, ఇక్కడే ఉండిపోయిన అతని సైనికుల సంతతే ఈ ఊరివారనీ పెద్దలు చెబుతారు.’

శివాజీ 1677లో గోల్కొండ రావడం, తానీషాను కలవడం చరిత్రే. బావి, గుర్రం, సంతతి నావి. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే రోజులు కదా, షిఫ్టు నొక్కడం మరిచి ‘డ’కు ‘ద’ పడింది. ఇక పెద్దలంటారా, ఆ రాత్రి ఆ ముక్క చెప్పిన పెద్దను నేనొక్కణ్ణే. నలభై నాలుగేళ్లవాణ్ణి.

బస్సొచ్చింది. ఎక్కాను. మరిచిపోయాను.

పదకొండేళ్లు గడిచాక బడిలో కుర్రసారొకాయన “సార్, మీ ఊరి మీద యుద్ధం నడుస్తోంది” అని ఫోను చూపించాడు. మా ఊరి వ్యాసం చర్చాపేజీ తెరిస్తే కొత్త బస్టాండంత పొడుగుంది. ఒకాయన ‘ఈ ఊరి ప్రజలు మరాఠాలు’ అని రాస్తాడు. రెండో ఆయన తిరగ్గొట్టి ‘తెలుగువారు’ అంటాడు. మూడో మనిషి దూరి ‘ఆరెలు’ అని పెడితే ఇద్దరూ కలిసి అతని మీద పడ్డారు. ఆ పేరు మమ్మల్ని కించపరిచేదని మొదటాయన, అది జాతి కాదు కులమని రెండో ఆయన. ఒక్క వారంలో ఆ మాట ఇరవైసార్లకు పైగా మారింది.

వాదాలు మాత్రం మంచివి, ఒప్పుకోవాలి. 1956 దాకా నాందేడ్ జిల్లా కాబట్టి మరాఠీ ఊరేనని ఒకాయన చట్టం మూడో సెక్షన్ చూపిస్తే, భాష చూసే కదా విడదీసి ఇటు కలిపారని రెండో ఆయన అదే సెక్షన్ చూపించాడు. ‘సురభి నాటకాలవాళ్ల పూర్వులు మరాఠీ మాట్లాడినవాళ్లే, 1885 నుంచి తెలుగు నాటకం మోస్తున్నవాళ్లను తెలుగువాళ్లు కారంటారా?’ అని ఈయన. ‘ముంబైలో కామాటిపురా కట్టుకున్న కామాఠీలు మీ తెలంగాణ కూలీలే, వందేళ్లు దాటినా వాళ్లను మరాఠాలన్నారా?’ అని ఆయన. ఇద్దరిలో ఒకరుండేది పూణెలో, ఇంకొకరిది అమెరికా అని రాతలనుబట్టి తెలుస్తూనే ఉంది. ఊళ్లో ఉన్నవాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు. ఆ ఏడే, 2019లో, నాందేడ్ జిల్లా సరిహద్దు పల్లెలవాళ్లు రైతుబంధూ పింఛన్లూ చూసి మమ్మల్ని తెలంగాణలో కలపండని అడగడం మొదలుపెట్టారు. వాళ్ల పేచీలో పేర్ల గొడవే లేదు.

నవ్వుకున్నాను కానీ ఇది మా ఊరి పిచ్చి మాత్రమే కాదు. ఒక్క నగరాన్ని గ్డాన్‌స్క్ అనాలా డాంజిగ్ అనాలా అని తేల్చుకోలేక ఇంగ్లిష్ వికీపీడియా వాళ్లు 2005లో ఓట్లే పెట్టుకున్నారు. మన దేశపు వ్యాసాల్లో మొదటి వాక్యంలో ఎవరి లిపి వేయాలనే కొట్లాట తెగక, 2012లో అసలు ఏ భారతీయ లిపీ వేయొద్దని తీర్మానించుకున్నారు. పిల్లలు బొమ్మ కోసం కొట్టుకుంటే బొమ్మను అటక మీద పెట్టేసినట్టు.

మా ఊరి యుద్ధం మాత్రం సంధితో ముగిసింది. ఎవరో ఒక పుస్తకం తెచ్చి మూలంగా చూపించారు. మా దిక్కు గుడి జాతరకు అచ్చేసిన సంచిక. అందులో ఉందట, శివాజీ ఆగాడు, గుర్రం నీళ్లు తాగింది, సైనికులు ఉండిపోయారు. ఇంకేం, వంశం వైపు చూస్తే మరాఠాలు, నివాసం వైపు చూస్తే తెలుగువాళ్లు. పూణె శాంతించింది, అమెరికా శాంతించింది. నిర్వాహకుడొకాయన అందరికీ ధన్యవాదాలు చెప్పి చర్చ ముగించాడు.

నాకు కాళ్ల కింద నేల కదిలింది. ఆదివారం పోయి ఆ సంచిక సంపాదించాను. రంగుల అట్ట, మొదటి పేజీలో దాతల ఫొటోలు, నాలుగో పేజీలో నా వాక్యం, పొల్లు పోకుండా. ‘గోల్కొంద’తో సహా. ఆ పేజీ నుంచి సంచికలోకి ఎక్కింది, సంచిక నుంచి మళ్లీ ఆ పేజీకి మూలమై దిగింది. నేను మొరమ్ కుప్పలో దాచిన గాజుపెంకు నా కాలికే గుచ్చుకుంది.

ఆ రాత్రే లాగిన్ అయి వాక్యం తీసేశాను. పది నిమిషాల్లో తిరగ్గొట్టారు: ‘మూలం ఉన్న పాఠ్యాన్ని కారణం చెప్పకుండా తొలగించకండి.’

చర్చాపేజీలో నిజం రాశాను. అది కల్పితం, రాసింది నేనే, క్షమించండి అని. జవాబు మర్యాదగానే వచ్చింది. ‘పేజీ చరిత్రలో ఆ మార్పు చేసినది ఒక ఐపీ చిరునామా. అది మీరే అనడానికి ఆధారమేమిటి?’ బాన్సువాడ సెంటరు మూతపడి ఆరేళ్లయింది, అక్కడిప్పుడు బిర్యానీ పాయింట్ ఉంది. ‘నేను రాసిన అబద్ధం అబద్ధమని నాకు తెలియదా?’ అన్నాను. ‘మీకు తెలిసినది స్వంత పరిశోధన అవుతుంది. అచ్చయిన మూలం చూపండి.’

కోపమొచ్చినా ఏమనలేను. ఫిలిప్ రాత్ అంతటివాడికే 2012లో ఇంతకంటే మర్యాద దక్కలేదు. తన నవలకు ప్రేరణ ఎవరో తానే చెబితే, రచయిత మాట చాలదు, వేరే మూలం కావాలన్నారు. ఆయన న్యూయార్కర్‌లో బహిరంగ లేఖ అచ్చేయించుకుని, దాన్ని మూలంగా చూపించుకోవాల్సొచ్చింది. నాకు జాతర సంచికలో కూడా చోటిచ్చేవాళ్లు లేరు, దాతను కాను.

అప్పుడు గుర్తొచ్చింది. 2011లో మలయాళం, హిందీ వికీపీడియాల్లో పెద్దల నోటిమాటను రికార్డు చేసి మూలంగా వాడిన ప్రయోగం ఒకటి జరిగింది. పెద్దలు చెబుతారని నేనే కదా రాసింది, ఆ పెద్దలతోనే లేదని చెప్పిస్తాను. మా ఊళ్లో ఆయిని మించిన పెద్ద ఎవరు? ఎనభై దాటాయి, మాట చెక్కుచెదరలేదు. శనివారం ఊరికి పోయాను. అరుగు మీద ఆమె ఎదురుగా కూర్చుని, ఫోనులో రికార్డింగు నొక్కి, తేదీ చెప్పి, సాక్షిని అడిగినట్టే అడిగాను.

“ఆయీ, మన ఊరికి శివాజీ వచ్చిండని, బాయి కాడ ఆగిండని నీకు ఎవరన్న చెప్పిన్రా?”

ఆయి చాట కింద పెట్టింది. నన్ను జాలిగా చూసింది.

“గదేం అడుగుతవ్ బిడ్డా? ఊరందరికి ఎర్కనే గద. నేను కొత్తగ కాపురానికొచ్చినప్పుడు మా అత్త నన్ను నీళ్లకు తోల్కపోయి, గా బాయి గట్టు మీదనే కూసోవెట్టి చెప్పింది. గా రాయికే గుర్రాన్ని కట్టేసిండంట.”

“ఆయీ, అది... ఆ పుస్తకంల ఎవరో రాసిన్రు గద, అది చదివి...”

“పక్కింటి పోరడు చదివి చెప్పిండు తియ్యి, నేనూ విన్న.” మళ్లీ చాట అందుకుంది. “రాసినోడెవడో గాని, వానికేం ఎర్కలేదు. గుర్రం తెల్లది కాదురా. నల్లది.”