చేతికందిందల్లా చదివిన కాలం

డిటెక్టివ్ యుగంధర్ లేకపోతే నేను బుచ్చిబాబు దాకా వచ్చేదాన్ని కాను. బళ్ళో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని, తెలిసే ఈ మాట అంటున్నాను. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో యుగంధరూ, అతని అసిస్టెంటు రాజూ హంతకుడి వెంట పడితే వాళ్ళ వెనకే నేనూ పేజీలకు పేజీలు పరిగెత్తాను. అలా పరిగెత్తబట్టే తెలుగు వాక్యం నా కంటికి అలవాటైంది, ఏ మాట దగ్గరా ఆగి కూడబలుక్కోకుండా చదవడం వచ్చింది. అది వచ్చాకే బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' చేతికందినప్పుడు నిదానంగా, ఆగి ఆగి చదివే ఓపికా వచ్చింది. ఇప్పుడు పిల్లల చేతుల్లో మొట్టమొదటే మహాగ్రంథాలు పెట్టి, చదవడం లేదని ఏడ్చే పెద్దవాళ్ళను చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా తెనాలిలో అద్దె పుస్తకాల కొట్లు ఉండేవి. తెనాలే ఏమిటి, అరవై, డెబ్భై దశకాల్లో కాస్త బజారంటూ ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఉండేవి. తలుపు వెడల్పు కొట్టు, ముందో బల్ల, వెనక గోడంతా నవలలు. ప్రతిదానికీ దళసరి అట్ట వేసి, దబ్బనంతో కుట్టి, వీపు మీద నంబరు వేసేవాడు కొట్టతను. కొంత డిపాజిట్టు కట్టించుకుని రోజుకింతని అద్దె తీసుకునేవాడు. రెండో రోజుకు మళ్ళీ డబ్బులివ్వాలి కాబట్టి ఆ రాత్రికే పూర్తి చెయ్యాలి. ఇంట్లో ముగ్గురం చదివేవాళ్ళం. అక్క మధ్యాహ్నం, నేను బడి నుంచి వచ్చాక, అమ్మ వంటిల్లు సర్దుకున్నాక. పొద్దున్నే పుస్తకం కొట్టుకు చేరేది. చివరి పేజీలు చిరిగిపోయిన డిటెక్టివ్ నవల వచ్చిందా, ఆ రాత్రి నిద్రుండేది కాదు. హంతకుడెవరో తెలిసినవాళ్ళ కోసం మర్నాడు వీధి వీధంతా వాకబు చేసేవాళ్ళం. మొదటి పేజీలోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టే దుర్మార్గులూ ఉండేవారు. వాళ్ళను ఈనాటికీ క్షమించలేదు.

మా నాన్నగారి తరాన్ని అలా పేజీల వెంట పరిగెత్తించింది కొవ్వలి లక్ష్మీనరసింహారావు. వెయ్యి నవలలు రాసినవాడని పేరు. చవక పుస్తకాలు, రైలు ప్రయాణాల్లో చేతిలో ఉండే పుస్తకాలు. పండితులు ఈసడించారు. కానీ అక్షరాలు మాత్రమే వచ్చిన ఎంతమందికి, అందులో ఎంతమంది ఆడవాళ్ళకు, ఆయన చదవడమనే అలవాటు అంటించాడో మన సాహిత్య చరిత్రలు రాసేవాళ్ళు ఒక్క పేరాలో తేల్చేస్తారు. ఇది అన్యాయం. విశ్వనాథ గురించి వంద పేజీలు రాయండి, వద్దనను. ఆ విశ్వనాథను చదవగలిగే జనాన్ని తయారుచేసినవాడికి కనీసం పది పేజీలు రాయొద్దూ?

అమ్మ చదువు ఐదో తరగతి. ఆమె చేతి పుస్తకాలు మా ఇంట్లో ఇప్పటికీ బీరువా నిండా ఉన్నాయి. రాసింది కాదు, కుట్టింది. ఆంధ్రప్రభ వీక్లీ రాగానే ఇంటిల్లిపాదీ చదవడం అయ్యేదాకా ఆగేది. తర్వాత పిన్నులు పైకి లేపి, సీరియల్ ఉన్న కాగితాలు చిరగకుండా విడదీసి ట్రంకు పెట్టెలో దాచేది. సీరియల్ అయిపోయిన వారం ఇంట్లో పెద్ద పని. కాగితాలు వరుసలో పెట్టడం, అంచులు సమానం చెయ్యడం, మూడు చోట్ల దబ్బనంతో బెజ్జాలు పొడిచి పురికొసతో బిగించడం. అట్టకు పాత క్యాలెండరు, దాని మీద 'సోవియట్ భూమి' కాగితం. ఆ నున్నటి రంగుల కాగితం ఆ రోజుల్లో సగం మంది పిల్లల నోటుపుస్తకాలకు అట్ట. ఒకసారి ఒక వారం సంచిక ఎవరో పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు. అమ్మ పక్కవీధి పిన్నిగారి దగ్గర ఆ సంచిక అడిగి తెచ్చుకుని, ఆ భాగం మొత్తం చేత్తో రాసి, మధ్యలో చేర్చి కుట్టింది. నా పుస్తకాలు చాలా పోయాయి, ఇచ్చేశాను. ఆ చేతిరాత పేజీలున్న బైండు మాత్రం ఎవరికీ ఇవ్వను.

ఆ బైండు పుస్తకాల్లో కథకు అవతలి పక్క సగం తెగిన జోకు, తలనూనె ప్రకటన, వారఫలాలు ఉండేవి. అవి కూడా చదివేవాళ్ళం. కూతుళ్ళకు పెళ్ళిళ్ళయితే ఆ బైండులు అత్తవారిళ్ళకూ వెళ్ళేవి. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' మా వీధిలో ఎన్ని ఇళ్ళు తిరిగిందో! రాజశేఖరం అంత గీర మనిషిని జయంతి ఎలా భరించిందని బావి దగ్గర వాదనలు. పెద్ద కారూ, పెద్ద మేడా ఉన్న ఆరడుగుల అందగాడి కలలు అమ్ముతున్నారని ఆ నవలల్ని వెక్కిరించినవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వెక్కిరించేవాళ్ళు ఒక సంగతి చూడరు. 'సెక్రటరీ'తో మొదలుపెట్టిన మా అక్కే తర్వాత రంగనాయకమ్మ నవలలన్నీ చదివింది. 1974లో 'రామాయణ విషవృక్షం' మొదటి భాగం వస్తే అది తెచ్చుకుని నాన్నగారితో భోజనాల దగ్గర వాదన పెట్టుకుంది. నాన్నగారు ఆ పుస్తకాన్ని ఇంట్లో ఉండనివ్వనన్నారు, కానీ తానూ చదివారు. చదవకుండా ఎలా తిడతారు మరి? అక్కను అక్కడిదాకా తీసుకొచ్చింది ఏ సిలబస్సూ కాదు, ఒక పుస్తకం తర్వాత ఇంకొకటి దొరుకుతూ ఉండటమే.

చందమామ సంగతి చెప్పకపోతే ఈ గొడవ పూర్తి కాదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికను 1952 నుంచి 1980లో పోయేదాకా నడిపించిన కలం కొడవటిగంటి కుటుంబరావుది. ఆయనా మా తెనాలివాడే. పెద్దల కోసం అంత పదునైన కథలు రాసినాయన, పిల్లల కోసం నెలనెలా కూర్చుని ఒక్క కష్టమైన మాట లేకుండా వాక్యాలు దిద్దాడు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు లాంటి సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు మాకు ఆ రోజుల్లో తెలియదు. వచ్చే నెల సంచిక ఎప్పుడొస్తుందా అని పోస్టుమాన్ సైకిలు బెల్లు కోసం చెవులు రిక్కించుకుని ఉండటం తెలుసు. ఆ పత్రిక ఆగిపోయి పదేళ్ళు దాటింది. పాత సంచికలు ఫోనుల్లో తిరుగుతున్నాయి, నిజమే. వాటిని చదివేది అరవై దాటిన మేమే. పిల్లలకు కావలసింది మా పాత సంచికలు కాదు, వచ్చే నెల సంచిక.

పైకి వెళ్ళే దారి కూడా ఆ చవక పత్రికల్లోనే ఉండేది. స్వాతి మాసపత్రిక కొన్నది అనుబంధ నవల కోసమైతే, అందులోనే మాలతీ చందూర్ 'పాత కెరటాలు' శీర్షికలో ఒక ఇంగ్లీషు నవలనో, రష్యన్ నవలనో కథంతా విప్పి చెప్పేది. పచ్చడి జాడీ పక్కన పెట్టుకుని ప్రపంచ సాహిత్యం చదివిన ఆడవాళ్ళం మేము. అలా రుచి తెలిశాక విశాలాంధ్ర పుస్తకాల వ్యాను ఊళ్ళోకి వస్తే గోర్కీ 'అమ్మ'ను వెతుక్కున్నాం. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు గట్టి అట్టలతో, మంచి కాగితంతో, మా చేతి ఖర్చులకు అందే ధరకు వచ్చేవి. ఎమెస్కో వాళ్ళు 'ఇంటింటా గ్రంథాలయం' అని పాకెట్ పుస్తకాలు ఇళ్ళకు పంపేవారు. 1978 నుంచి 'చతుర' నెలకో పూర్తి నవల ఇచ్చింది. 'విపుల' కథలిచ్చింది, అందులో సగం ఏదో ఒక పరాయి భాష నుంచి వచ్చినవి. ఆ రెండూ 2021లో ఆగిపోయాయి. ఆంధ్రపత్రిక వీక్లీ ఏనాడో పోయింది, ఆంధ్రప్రభ వీక్లీ పోయింది. అద్దె కొట్లు మొదట వీడియో క్యాసెట్ల కొట్లయ్యాయి, తర్వాత సెల్ ఫోన్ రీచార్జి కొట్లయ్యాయి.

అందుకే ఫోను మీద నెపం వేస్తే నేను ఒప్పుకోను. మా కాలంలో సినిమా లేదా? రేడియో లేదా? పేకాట లేదా? ఉన్నాయి, వాటి మధ్యలోనే చదివాం. కింది మెట్లన్నీ పీకేసి మేడ ఎక్కమంటున్నారు పిల్లల్ని, అదీ నా బాధ. పదకొండేళ్ళ పిల్లవాడికి తెలుగులో మూడు రకాల పుస్తకాలే కనిపిస్తున్నాయి. రెండు వాక్యాల బొమ్మల పుస్తకం, వ్యక్తిత్వ వికాసం, పెద్దవాళ్ళు మెచ్చిన గొప్ప నవల. మధ్యలో ఏదీ? ఆత్రంగా పేజీ తిప్పించేది ఏదీ? తాను చదువుతున్న సంగతే మరిచిపోయేలా చేసేది ఏదీ?

ఆ పైన ఇంగ్లీషు మీడియం. మా అపార్టుమెంటులో పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, సినిమా డైలాగులు అప్పజెబుతారు. గోడ మీద తెలుగు పోస్టరు మాత్రం ఒక్కొక్క అక్షరం పొడిపొడిగా చదువుతారు. 'ఆడియోలో వినొచ్చు కదండీ' అంటారు తల్లులు. వినడం మంచిదే. చూపు తగ్గాక నేనూ రావిశాస్త్రి కథలు విన్నాను, ఆ విశాఖ యాస చెవిన పడితే ఇంకా బాగుంది. కానీ నేను చదివి చదివి అలిసిన దాన్ని. అసలు చదవడమే రాని పిల్లకు వినడం ఒక్కటే ఇస్తే ఆ పిల్ల జీవితాంతం ఇంకొకరి గొంతు మీద ఆధారపడాల్సిందే.

గ్రంథాలయాల మాట ఎత్తితే నాకు దుఃఖం వస్తుంది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్ళు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి ఊరూరా తిరిగిన నేల ఇది. 1935లో మా గుంటూరు జిల్లా కాలవల మీద గ్రంథాలయాన్ని పడవెక్కించి ఊళ్ళ రేవులకు పంపారు. నైజాంలో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాల సంచి మోసుకుని అమ్మాడు. జనం దగ్గరికి పుస్తకం వెళ్ళాలనుకున్నారు వాళ్ళు. ఇప్పుడు మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. వసూలు చేసిన ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకు సరిగా చేరడం లేదని పేపర్లలో ఏటా చదువుతూనే ఉన్నాం. చేరిన డబ్బుతోనైనా ఏం కొంటున్నారు? హైదరాబాదు చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయం నుంచి మా ఊరి శాఖ దాకా ఎక్కడ చూసినా గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల పిల్లలే. వాళ్ళను ఒక్క మాట అనను. ఉద్యోగం లేని ఇంట్లో చదువుకునే చోటు ఉండదు, ఆ కుర్చీ వాళ్ళ హక్కు. కానీ వాళ్ళకు వేరే హాలు కట్టాల్సిన ప్రభుత్వాలు నవలల గది ఖాళీ చేసి ఇచ్చాయి. కథల బీరువాలకు తాళాలు పడ్డాయి. సాయంత్రం బడి నుంచి వచ్చే ఆరో తరగతి పిల్ల ఆ తలుపు దగ్గరికి వస్తే, లోపల అంత నిశ్శబ్దంగా కరెంట్ అఫైర్స్ బట్టీ పట్టేవాళ్ళను చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది.

మా కింది ఫ్లాటులో ఎనిమిదో తరగతి పిల్ల ఉంది. దయ్యాల సినిమాలంటే ప్రాణం. యండమూరి 'తులసిదళం' ఇచ్చాను. ఆంధ్రభూమి వీక్లీలో అది సీరియల్‌గా వచ్చిన రోజుల్లో పెద్దవాళ్ళే రాత్రిళ్ళు దొడ్లోకి వెళ్ళడానికి జంకేవారు. నాలుగో రోజు వాళ్ళమ్మ పుస్తకం పట్టుకుని పైకొచ్చింది. "టీచరుగారూ, మీరే ఇలాంటివి ఇస్తే ఎలాగండీ? చేతబడులు, క్షుద్రపూజలు!"

"ఎంతవరకు చదివింది?" అన్నాను.

"సగం పైనే చదివేసింది. అన్నం తింటూ కూడా అదే."

"తెలుగులో అన్ని పేజీలు ఇంతకుముందు ఎప్పుడైనా చదివిందా అమ్మా?"

ఆమె మాట్లాడలేదు. చేతబడి అబద్ధమని నేను పిల్లకు చెబుతాను, ఆ పని పుస్తకం లాక్కోకుండానే చెయ్యొచ్చు అన్నాను. పుస్తకం మళ్ళీ కిందికి వెళ్ళింది. అది అయిపోయాక పిల్లే పైకొచ్చి ఇంకోటి అడిగింది, మల్లాది వెంకటకృష్ణమూర్తిది ఇచ్చాను. మధ్యలో నాకు తెలియకుండా నా బీరువాలోంచి 'బుడుగు' పట్టుకెళ్ళింది. చదివే వేగం ఇప్పుడెలా ఉందో వాళ్ళమ్మే చూసి వచ్చి చెప్పింది.

విజయవాడ పుస్తక మహోత్సవం 1989 నుంచి నడుస్తోంది. మామూలుగా జనవరి మొదట్లో జరుగుతుంది. ఈసారి ఆ పిల్లను తీసుకెళ్తానని మాటిచ్చాను. డబ్బులు తన చేతికే ఇస్తాను. ఏ స్టాలు ముందు ఆగినా, ఏ పుస్తకం తీసినా, ఇది వద్దు, అది మంచిదని నోరు విప్పను. వాళ్ళమ్మనూ రమ్మన్నాను, అదే షరతు మీద.