పొగమంచుకు పూచీ నాది కాదు

శాన్‌ఫ్రాన్సిస్కోకు నలభై మైళ్ల దూరాన, ఫ్రీమాంట్ అనే ఊళ్లో కాపురముంటున్న ఒక గృహస్థుడు సమస్త బంధుమిత్రులకు చేసుకునే మనవి ఏమనగా: గోల్డెన్ గేట్ వంతెన నేను కట్టించింది కాదు. 1937 మే నెలలో అది తెరిచేనాటికి మా నాన్నగారే పుట్టలేదు. జూన్ మొదలు ఆగస్టు దాకా దాన్ని పొగమంచు మింగేస్తే ఆ నేరం నా మీద మోపడం ధర్మం కాదు.

అయినా మోపుతారు. విశాఖలో రోహిణి ఎండలు చూసి వచ్చిన మా అత్తగారు పల్చటి నేతచీరలో వ్యూ పాయింట్ దగ్గర గడగడ వణుకుతూ, "ఇంత దూరం తీసుకొచ్చి చూపించేది ఇదేనా అల్లుడుగారూ?" అన్నారు. నేను వినయంగా విన్నవించాను. లోపల సెంట్రల్ వ్యాలీలో ఎండ మండిపోతే అక్కడి గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ లోటు పూడ్చడానికి పసిఫిక్ మీది చల్లగాలి మంచుతో సహా ఈ జలసంధిలోంచి దూసుకొస్తుంది, అక్కడ ఎంత ఎండో ఇక్కడ అంత చలి అని. "అయితే మీ ఇంటి దగ్గర మబ్బు పట్టిన రోజున తీసుకురావలసింది" అన్నారావిడ. ఈ తర్కానికి జవాబు నాకింకా దొరకలేదు. ఇక్కడి జనం ఈ పొగమంచుకు కార్ల్ అని పేరు కూడా పెట్టుకున్నారు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం మాట వింటుందా?

మామగారు రిటైరైన ఇంజనీరు. వంతెనకు ఈ ఎరుపేమిటని ఆరా తీశారు. తుప్పు పట్టకుండా ఉక్కుకు పూసి పంపిన ఎర్రటి తొలిపూత ఆర్కిటెక్టు ఇర్వింగ్ మారోకు నచ్చి, ఆ ఛాయలోనే నారింజ రంగు ఖాయం చేశాడనీ, నావికాదళం వాళ్లు నలుపు పసుపు చారలు అడిగారనీ చెప్పాను. మధ్య భాగం పొడవు 4,200 అడుగులనీ, టవర్ల ఎత్తు 746 అడుగులనీ కూడా చెప్పాను. ఆయన తలెత్తి చూశారు. కనిపించింది ఓ వంద అడుగులు. మిగతాది నా మాట మీద నమ్మవలసి వచ్చింది. పిల్లనిచ్చిన రోజు తర్వాత ఆయన నా మాట అంతగా నమ్మడం ఇదే కాబోలు.

చలికి విరుగుడు ఫిషర్‌మన్స్ వార్ఫ్‌లో దొరుకుతుంది. ఊరి పేరు అచ్చేసిన స్వెట్‌షర్టులు అక్కడ కుప్పలు పోసి అమ్ముతారు. మావాళ్లు అవి కొనుక్కుని, తిరుగు ప్రయాణంలో, "విశాఖలో వీటినెక్కడ వేసుకుంటాం" అని మా ఇంట్లోనే వదిలేసి వెళ్తారు. మా అలమార ఇప్పుడు ఆ దుకాణాలకు బ్రాంచి.

అక్కడికి దగ్గరే పియర్ 39. ఈ నగరంలో నా గోడు తెలిసినవాళ్లెవరైనా ఉంటే ఇక్కడి పడవల ఆసాములే. 1989 చివర్లో కొన్ని సముద్ర సింహాలు వచ్చి వాళ్ల రేవులో పడుకున్నాయి. కొద్ది నెలల్లో వందలయ్యాయి. అరుపులు, కంపు. ఏం చేయాలని నిపుణులను అడిగితే, వాటినలాగే ఉండనివ్వమన్నారు. చివరికి పడవలే వేరే చోటు చూసుకున్నాయి. కానీ ఆ జంతువులకు మర్యాద తెలుసు. వేసవి రాగానే చాలావరకు దక్షిణాన ఛానెల్ దీవులకు వెళ్లిపోతాయి. మావాళ్లు సరిగ్గా అప్పుడే దిగుతారు.

లాంబార్డ్ వీధిలో ఎనిమిది వంపులున్నాయి, 1922 నాటివి. మహా నిటారు వాలులో బండ్లు దిగడానికి వేసిన ఉపాయం అది. ఆ ఎనిమిది వంపులూ కారులోనే దిగాలని మా బావమరిది పట్టు. పూలమొక్కల మధ్య గంటకు ఐదు మైళ్ల వేగంతో దిగడానికి ముందు కొండ మీద క్యూలో బ్రేకు తొక్కిపట్టి కూర్చునేది నేను. ఈ వీధికి రుసుము, ముందస్తు బుకింగ్ పెట్టే వీలు కల్పించే బిల్లును 2019లో గవర్నరు వీటో చేశారు. ఆ వీధిలో ఇళ్లున్నవాళ్లకు నా ప్రగాఢ సానుభూతి. దిగాక పార్కింగ్ బాధ వేరే: వాలులో కిందికి చూసే బండికి చక్రాలు గట్టువైపు, పైకి చూసే బండికి రోడ్డువైపు తిప్పి పెట్టాలి, లేకపోతే జరిమానా. సీటు మీద సంచి వదిలితే అద్దం గల్లంతు. అందుకని పులిహోర డబ్బాతో సహా అన్నీ మోసుకుని తిరుగుతాం.

కేబుల్ కారు పావెల్ వీధి మొదట్లోనే ఎక్కాలట, గంట క్యూ అయినా సరే. కాలిఫోర్నియా వీధి లైనులో రద్దీ తక్కువ మహాప్రభో అంటే వినరు. అల్కట్రాజ్ సంగతి ముందు రాత్రి భోజనాల దగ్గర గుర్తొస్తుంది. 1963లో మూసేసిన జైలుకు వేసవిలో వారాల ముందే టికెట్లు అయిపోతాయంటే, నేను బద్ధకించానని అందరి అనుమానం.

నాకు నిజంగా చూపించాలనుండేవి వేరే ఉన్నాయి. వెబ్‌స్టర్, ఫిల్బర్ట్ వీధుల మూల మీద, వివేకానందుడు 1900లో నెలకొల్పిన వేదాంత సొసైటీ వారి పాత గుడి ఉంది. 1906 జనవరిలో తెరిచారు, ఏప్రిల్‌లో ఊరిని కూల్చిన భూకంపాన్ని తట్టుకుని నిలిచింది. వుడ్ వీధిలో, మన స్వాతంత్ర్యం కోసం పోరాడిన గదర్ పార్టీ స్మారక భవనం ఉంది. 1913లో పుట్టిన ఆ పార్టీలో మన కనిగిరి మనిషి దరిశి చెంచయ్య కూడా పనిచేశారు. ఇదంతా ఆవేశంగా చెబితే బావమరిది ఓపిగ్గా విని, "అక్కడ ఫొటోకు వంతెన పడుతుందా బావా?" అన్నాడు.

కావున నా మనవి: సెప్టెంబరు, అక్టోబరుల్లో రండి. అప్పుడు మంచు తగ్గి ఎండ కాస్తుంది, వంతెన ఈ చివరినుంచి ఆ చివరి దాకా కనిపిస్తుందంటారు. "అంటారు" అని ఎందుకంటున్నానంటే, మొన్న సెప్టెంబరులో ఒక ఆదివారం పోయి చూసొద్దామా అని మా ఆవిణ్ని అడిగాను.

"ఇప్పుడెందుకండీ పెట్రోలు దండగ? వచ్చే జూన్‌లో మా పిన్నివాళ్లు వస్తారుగా, వాళ్లతో కలిసి చూద్దాం" అంది.